చెర్నిన్ వీధి నుంచి రాక్స్ కొండ దాకా

మే 5, వియన్నా: లియోపోల్డ్‌స్టాట్

ప్రాటర్‌స్టెర్న్ స్టేషన్ నుంచి చెర్నిన్‌గాస్సెకి నడక దూరమే. ఇరుకు వీధి. రెండు వైపులా నాలుగైదు అంతస్తుల పాత ఇళ్లు, గోడలకు ఆనించిన సైకిళ్లు, పై కిటికీలో ఎండకి వేసిన దుప్పటి. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి, బతుక్కి అర్థం వెతుక్కోవడమే మనిషికి బలమని చెప్పిన యూదు మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ 1905 మార్చి 26న ఈ వీధిలోనే, 6వ నంబరు ఇంట్లో పుట్టాడు. ఎదురుగా 7వ నంబరులో కొన్నేళ్లు మరో పేరున్న మానసిక వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ కాపురం ఉన్నాడు. ఈ ఇద్దరి సిద్ధాంతాల మధ్య తేడా గురించి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన నేను, ఆ రెండు గుమ్మాల మధ్య రోడ్డు మీద నిలబడి ఇటూ అటూ చూస్తూ ఉండిపోయాను.

రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. మా సిలబస్‌లో ఫ్రాంకల్‌కి ఒక్క పేజీ. బయట వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో అది కూడా లేదు. అంత నరకంలో ఉండి ఆయన జీవితానికి అర్థం వెతుక్కున్నాడు, నువ్వు ఒక పరీక్ష తప్పితే ఏడుస్తావేం అని దబాయించడానికి ఆ పేరు వాడుకుంటారు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది. ఆయన ఒక ఆసుపత్రి డాక్టరు. అమ్మానాన్నల కోసం ఊళ్లో ఉండిపోయిన కొడుకు. తన్నులు తింటూ రైలు పట్టాలు వేసిన కూలీ. బతికి బయటపడి, తనను తరిమేసిన ఊరికే తిరిగొచ్చి అక్కడి జనానికి వైద్యం చేశాడు. ఈ వరసలో ఆయన ఉన్న చోట్లన్నీ కాళ్లతో తిరిగి చూడాలని నా కోరిక. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసిన మావారు వెంట వచ్చారు. జర్మనీలోని బవేరియాలో తిప్పే బాధ్యత మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు తీసుకున్నాడు.

ఈ పేట కాలిబాటల్లో నడుస్తుంటే కాళ్ల కింద ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఆ ఇంట్లోంచి ఎవరిని పట్టుకుపోయారో, ఎక్కడ చంపారో వాటి మీద చెక్కి ఉంటుంది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకునేనాటికి వియన్నాలో లక్షన్నరకు పైగా యూదులు ఉండేవారు. ఆస్ట్రియా యూదుల్లో 65,000 మందికి పైగా హత్యకు గురయ్యారు. టెంపెల్‌గాస్సెలో పెద్ద సినగోగ్ ఉన్న చోట ఇప్పుడు నాలుగు తెల్లటి ఎత్తయిన స్తంభాలు నిలబెట్టారు. ఆ గుడి ఎంత ఎత్తు ఉండేదో తెలియడానికి అవి. మావారు తల పైకెత్తి చాలాసేపు కొలతలు వేసుకున్నారు.

మధ్యాహ్నం కర్మెలీటర్ మార్కెట్లో తిన్నాం. శనగల ముద్ద, వేడి రొట్టె, వంకాయ కాల్చి చేసిన పచ్చడి. ఇద్దరికీ కలిపి 20 యూరోల లోపే. పక్క బేకరీలో గసగసాలు కూరిన చుట్ట ఒకటి కొంటే, కొట్టావిడ దాన్ని రెండుగా కోసి రెండు కాగితాల్లో చుట్టి ఇచ్చింది. కొట్లోకి వెళ్లగానే ముందు 'గ్ర్యూస్ గాట్' అని పలకరించాలని, పలకరించకుండా అడిగితే మొహం ముడుచుకుంటారని ఆ పూటే తెలిసింది. పలకరిస్తే మాత్రం చాలా ఓపిగ్గా మాట్లాడతారు.

తిరిగి ప్రాటర్‌స్టెర్న్ పట్టాల కింద నుంచి వెళ్తుంటే ఫ్రాంకల్ చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. 1944లో ఖైదీల రైలు ఆయన్ని పోలండ్‌లోని ఆష్‌విట్జ్ మృత్యుశిబిరం నుంచి బవేరియాకి తీసుకుపోతూ అర్ధరాత్రి వియన్నాలోకి వచ్చింది. పట్టాలు ఆయన పుట్టిన వీధి పక్కనుంచే వెళ్తాయి. పెట్టెలో యాభై మంది దాకా ఉన్నారు, చూడటానికి రెండే చిన్న కంతలు. ఒక్క నిమిషం జరగండి, మా ఇల్లు చూసుకుంటాను అని ముందున్న కుర్రాళ్లను బతిమాలాడు. ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నావుగా, చూసింది చాలులే అన్నారు వాళ్లు. వాళ్లూ ఖైదీలే. తోటివాళ్ల పట్ల కూడా మనుషులను ఎలా చేసేసిందో ఆ శిబిరం!

మే 6, వియన్నా: గుర్టెల్, ఆస్పాంగ్

వేరింగర్ గుర్టెల్ 97. ట్రాములు, కార్లు ఎడతెగని పెద్ద రోడ్డు. ఇక్కడే రోత్‌షీల్డ్ ఆసుపత్రి ఉండేది. యుద్ధం తర్వాత 1960 ప్రాంతంలో కొట్టేశారు. ఇప్పుడు అక్కడ వృత్తి శిక్షణ ఇచ్చే పెద్ద భవనం ఉంది. సిగరెట్ విరామానికి బయటికొచ్చిన పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. ఇక్కడ ఒకప్పుడు ఆసుపత్రి ఉండేదని వాళ్లలో ఒకమ్మాయికి తెలుసు, చేయి చాచి ఎంతవరకు ఉండేదో చూపించింది.

1938 తర్వాత యూదు డాక్టర్లు యూదులకు మాత్రమే వైద్యం చేయాలి. 1940లో ఫ్రాంకల్ ఈ ఆసుపత్రిలో నరాల విభాగానికి పెద్ద అయ్యాడు. ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఆత్మహత్య చేసుకోబోయి ఆసుపత్రికి చేరిన యూదులు లెక్కలేనంత మంది. తీసుకుపోవడానికి కాగితం వచ్చిన రాత్రే మాత్రలు మింగేసేవారు. మరో పక్క మానసిక రోగులను నాజీ ప్రభుత్వమే చంపేస్తోంది. ఫ్రాంకల్ ఏం చేశాడంటే, తప్పుడు రోగనిర్ధారణలు రాశాడు. స్కిజోఫ్రీనియా ఉన్నవాడికి మెదడు జబ్బు వల్ల మాట పడిపోయిందని రాసేవాడు. తీవ్రమైన కుంగుబాటును జ్వరం సంధి అని రాసేవాడు. అలా రాస్తే వాళ్లను యూదుల వృద్ధాశ్రమంలో ఉంచడానికి వీలయ్యేది. ఇందులో ఆయనకు సాయం చేసినవాడు ఒటో పోట్‌సల్ అనే ప్రొఫెసరు. ఆయన నాజీ పార్టీ సభ్యుడు. వియన్నాలో నాకు అన్నిటికంటే బలంగా తగిలిన సంగతి ఇదే. వేదాంతం కాదు, కేసు షీటు మీద రాసిన అబద్ధం. పట్టుబడితే ప్రాణం పోతుంది.

సాయంత్రం లియోన్ సెల్మాన్ పార్కుకి వెళ్లాం. ఆస్పాంగ్ రైల్వే స్టేషన్ ఉన్న చోటు. 1939 నుంచి 1942 దాకా ఇక్కణ్ణుంచి 47 రైళ్లలో 47,000 మందికి పైగా యూదులను పంపేశారు. తిరిగొచ్చింది వెయ్యి మంది చిల్లర. కాంక్రీటుతో చేసిన రెండు పట్టాలు దగ్గరవుతూ వెళ్లి ఒక చీకటి గుహలాంటి దిమ్మెలో కలిసిపోతాయి. పక్కనే పిల్లల ఆటస్థలం, చుట్టూ కొత్త అపార్టుమెంట్లు. ఒక తాతగారు మనవణ్ణి ఆ పట్టాల మీద ఎక్కనీయకుండా చేయి పట్టుకుని నడిపిస్తున్నాడు. 1942 సెప్టెంబరు చివర్లో ఫ్రాంకల్, ఆయన భార్య టిల్లీ, అమ్మ ఎల్సా, నాన్న గాబ్రియేల్ తెరెజీన్ వెళ్లే రైలెక్కించబడ్డారు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

మే 9, తెరెజీన్

చెక్ రాజధాని ప్రాగ్‌లోని హోలెషోవిట్సె నుంచి బస్సులో గంట ప్రయాణం. దారి పొడుగునా పసుపుపచ్చ ఆవపూల రంగులో రేప్‌సీడ్ అనే నూనెగింజల చేలు. బస్సు కోట దగ్గర ఆగితే అదే ఊరనుకుని అందరితో పాటు దిగేశాం. అది చిన్నకోట, నాజీ రహస్య పోలీసుల (గెస్టాపో) జైలు. ఊరు ఇంకా అవతల, ఓహ్ర్‌జె నది వంతెన దాటి వెళ్లాలి. దిగడం మంచికే అయింది. ఫ్రాంకల్‌ని ఒకరోజు ఈ చిన్నకోటకే పంపారు. కొన్ని గంటల్లోనే ఒళ్లంతా గాయాలతో తిరిగొచ్చాడు. టిల్లీ కట్లు కట్టింది.

ఈ ఊరు 1780లో రెండో జోసెఫ్ చక్రవర్తి కట్టించిన కోటపట్టణం. తల్లి మరియా తెరెసా పేరు పెట్టాడు. వీధులన్నీ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంటాయి. నాజీలు 1941 నవంబరులో దీన్ని యూదులను బంధించి ఉంచే గెట్టోగా మార్చారు. దాదాపు 1,40,000 మందిని ఇక్కడికి తెచ్చి కుక్కారు. 33,000 మందికి పైగా ఇక్కడే ఆకలితో, జబ్బులతో పోయారు. 88,000 మంది దాకా ఇంకా తూర్పుకి, చావుకి పంపబడ్డారు. 1944 జూన్ 23న రెడ్ క్రాస్ వాళ్లు చూడటానికి వస్తున్నారని ఇళ్లకు రంగులు వేశారు, గులాబీలు నాటారు. జనం ఎక్కువ కనపడకూడదని ముందే వేలమందిని ఆష్‌విట్జ్‌కి పంపేశారు. ఆ చౌకు ఇప్పుడూ ఉంది. గడ్డి కత్తిరించి, బెంచీలు వేసి ఎంతో శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం నన్ను ఊపిరాడనివ్వలేదు.

ఊళ్లో జనం నివసిస్తున్నారు. కిటికీల్లో పూలకుండీలు, ఒక ఇంటి ముందు కారు కడుగుతున్న మనిషి. ఇక్కడ ఎలా ఉంటారు అని మావారు నెమ్మదిగా అన్నారు. అద్దె తక్కువ, ఉద్యోగం దగ్గర, పుట్టిందిక్కడే. అంతకంటే కారణాలు వాళ్లకు ఎందుకుండాలి? భోజనానికి వెళ్లిన చోట వడ్డించినావిడకి ఇంగ్లీషు రాదు, మాకు చెక్ రాదు. మాంసం వద్దని సైగ చేస్తే లోపలికెళ్లి పనీరు కంటే గట్టిగా ఉండే చీజు పలకకు రొట్టెపొడి అద్ది నూనెలో వేయించి, ఉడికించిన బంగాళాదుంపలతో తెచ్చిపెట్టింది. బంగాళాదుంపల సూపు కూడా అడగకుండానే పోసింది. డబ్బు లెక్కలో మేం ఎక్కువిస్తే వెనక్కి తోసి, చిల్లర బల్ల మీద ఒక్కొక్క నాణెం పెట్టి లెక్కచెప్పింది.

ఫ్రాంకల్ ఇక్కడ రెండేళ్లు డాక్టరుగా పనిచేశాడు. రైలు దిగి, ఎక్కడికొచ్చామో తెలిసి కూలబడిపోయే వాళ్లను పట్టుకుని మాట్లాడటానికి ఒక చిన్న బృందం ఏర్పాటు చేశాడు. ఆత్మహత్యలు ఆపడం దాని పని. ప్రపంచంలో మొదటి మహిళా రబ్బీ (యూదు మతగురువు) రెగీనా యోనాస్ ఆ బృందంలో ఉండి రైళ్లకు ఎదురెళ్లేది. 1944లో ఆమెనూ ఆష్‌విట్జ్‌లో చంపేశారు. రాత్రులు ఉపన్యాసాలు కూడా జరిగేవి. నిద్ర గురించి, నరాల ఆరోగ్యం గురించి, కొండలెక్కడం గురించి ఫ్రాంకల్ మాట్లాడాడు. నేలమాళిగల్లో, అటకల మీద, కడుపు కాలుతున్న మనుషులు కొండల గురించి వినడానికి వచ్చారు.

శ్మశానం దాటి నది ఒడ్డుకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాం. 1944 నవంబరులో నాజీలు సాక్ష్యం మిగలకూడదని వేలమంది చితాభస్మాన్ని ఈ ఓహ్ర్‌జెలో పోయించారు. అక్కడ కూర్చున్నప్పుడే మావారు వీసా మాట ఎత్తారు.

1941లో ఫ్రాంకల్‌కి అమెరికా వీసా వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన వీసా. తీసుకుంటే తాను బతుకుతాడు. ఆసుపత్రిలో ఆయన పదవి ఉన్నంతకాలం అమ్మానాన్నలను కూడా తీసుకుపోరు. వెళ్తే వాళ్లను పంపేస్తారు. ఏం చేయాలో తేలక ఇంటికొస్తే బల్ల మీద ఒక పాలరాతి ముక్క కనిపించింది. తగలబెట్టిన సినగోగ్ శిథిలాల్లోంచి వాళ్ల నాన్న ఏరుకొచ్చింది. దాని మీద బంగారు పూత పూసిన ఒక్క హీబ్రూ అక్షరం. పది ఆజ్ఞల్లో తల్లిదండ్రులను గౌరవించమనే ఆజ్ఞకు చెందిన అక్షరమది. వీసా గడువు అలాగే దాటిపోనిచ్చాడు.

వీసా స్టాంపు పడితే కొబ్బరికాయ కొట్టే ఇళ్లు మనవి. మా అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. వాడి వీసా వచ్చిన రోజు మేమే స్వీట్లు పంచాం. "నేను ఆ తండ్రినైతే కొడుకుని వెళ్లిపొమ్మనే వాణ్ణి" అన్నారు మావారు. నేనూ అదే అనేదాన్ని. అయితే ఆ ఇంట్లో ఎవరేమనుకున్నారో మనం ఇవతల కూర్చుని తీర్పు చెప్పేది కాదు. ఆయన ఉండిపోవడం వల్ల అమ్మానాన్నల ప్రాణాలు దక్కలేదు, అదీ నిజమే. 1943 ఫిబ్రవరిలో 81 ఏళ్ల గాబ్రియేల్ ఈ ఊళ్లోనే ఆకలితో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఒకప్పుడు అయిదేళ్లు వైద్యం చదివి, డబ్బుల్లేక ఆపేసిన మనిషి ఆయన. ఊపిరందక తన్నుకుంటున్నప్పుడు, రహస్యంగా దాచి తెచ్చిన ఒకే ఒక్క మార్ఫిన్ సూది కొడుకే ఇచ్చాడు. నొప్పుందా, ఏమన్నా చెప్పాలా అని అడిగి, లేదనిపించుకుని, ముద్దుపెట్టుకుని బయటికొచ్చాడు. మనసు తేలికైందని తర్వాత చెప్పుకున్నాడు. వీసా తీసుకుని ఉంటే ఆ సూది ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు. నది పక్కన నాకు అనిపించింది ఇంతే, మావారితో అదే అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు, బస్సు వేళయ్యే దాకా అలాగే కూర్చున్నాం.

1944 అక్టోబరు 19న ఫ్రాంకల్ పేరు ఆష్‌విట్జ్ జాబితాలో వచ్చింది. టిల్లీ పేరు లేదు. ఆయుధాలకు పనికొచ్చే అభ్రకం చీల్చే పనిలో ఉన్నందుకు ఆమెకు మినహాయింపు. వద్దని ఆయన ఎంత చెప్పినా వినక తనంతట తాను పేరు రాయించుకుంది. వెళ్లే ముందు ఆయన అమ్మ దగ్గర దీవెన అడిగి తీసుకున్నాడు. కొద్దిరోజులకే ఆమెనూ అదే దారిన పంపి చంపేశారు.

మేం ఆష్‌విట్జ్ వెళ్లలేదు. అక్కడ ఫ్రాంకల్ ఉన్నది కొద్దిరోజులే. కోటులో కుట్టి దాచుకున్న తన పుస్తకం రాతప్రతి పోయింది అక్కడే. కానీ ఆయన కూలిపని చేసి, జబ్బుపడి, బతికింది బవేరియాలో. ఆ పేర్లు ఎవరూ చెప్పరు.

మే 12, లాండ్స్‌బెర్గ్, కౌఫరింగ్

మా అక్క కొడుకు పొద్దున్నే ఉప్మా చేసిపెట్టాడు. "పిన్నీ, అక్కడ ఏముంటుందో లేదో, తిని బయల్దేరండి" అని. ముగ్గురికీ కలిపి బవేరియా టికెట్ 40 యూరోలు దాటింది. దాంతో రోజంతా ఏ లోకల్ రైలైనా ఎక్కొచ్చు, మామూలు రోజుల్లో తొమ్మిది తర్వాతే చెల్లుతుంది.

లాండ్స్‌బెర్గ్ అందమైన ఊరు. లెఖ్ నది మెట్లుమెట్లుగా దూకుతుంది, దాని పక్కన రంగుల ఇళ్లు, పాత కోటద్వారం. 1924లో హిట్లర్‌ని ఉంచిన జైలు ఈ ఊళ్లోనే. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే ఊరి చుట్టూ మ్యూనిక్ దగ్గరి డాఖౌ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా పదకొండు శిబిరాలు పెట్టారు. వాటిని కలిపి కౌఫరింగ్ శిబిరాలంటారు. మెస్సర్‌ష్మిట్ 262 జెట్ విమానాలను బాంబులకు అందకుండా తయారు చేయడానికి భారీ కాంక్రీటు బంకర్లు కట్టాలి. ఆ పనికి 20,000 మందికి పైగా యూదు ఖైదీలను తెచ్చారు. ఏడాది కూడా తిరక్కముందే 6,000 మందికి పైగా చనిపోయారు.

ఫోన్లో దారి చూసుకుంటూ పోతే సైనిక శిబిరం గేటు దగ్గర తేలాం. కాపలా సైనికుడు కుర్రాడు. మర్యాదగా ఆపి, మీకు కావలసింది ఇది కాదనుకుంటా, అయితే బంకరు మాత్రం ఈ లోపలే ఉంది, ముందుగా అనుమతి తీసుకున్న బృందాలనే పంపిస్తాం అన్నాడు. ఆ బంకరు పేరు వైన్‌గుట్ 2. ఎలా కట్టారో మావారు గేటు బయటే మాకు వివరించారు. ముందు గులకరాయి గుట్టగా పోసి, పైన విల్లులా కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక కింద గులకరాయి తవ్వి తీసేస్తారు. సెంట్రింగు కలప అక్కర్లేదు. "పని తెలివైనదే," అన్నారు, "సిమెంటు మూట యాభై కిలోలు. మా సైట్లలో బాగా తిన్న మనిషే పది మూటలకు కూర్చుంటాడు." ఇక్కడ మోసినవాళ్లకు రోజుకి ఒక రొట్టెముక్క, ఒక గిన్నె నీళ్ల సూపు. మావారు ఎన్నో ప్రాజెక్టులు కట్టిన మనిషి. ఆ గేటు దగ్గర ఆయన గొంతు మారిపోయింది.

వెనక్కి తిరిగి ఎర్ఫ్‌టింగ్ వైపు నడిచాం. రైలు కట్ట పక్కన కంచె వెనక ఏడో నంబరు శిబిరపు మట్టిగుడిసెలు ఉన్నాయి. మట్టి గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి కమానులా కట్టి, పైన మట్టి, గడ్డి కప్పినవి. సగం నేలలోనే. కొన్ని నిలిచి ఉన్నాయి, కొన్ని కూలాయి. కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఒకరు మా దగ్గరికొచ్చి ఆగాడు. తన చిన్నతనంలో వీటి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదని, స్కూల్లో కూడా చెప్పలేదని, పెద్దయ్యాక తనంతట తాను తెలుసుకున్నానని మా అక్క కొడుకుతో జర్మన్‌లో చెప్పాడు. చెప్పి, మా ముగ్గురికీ చేయి కలిపి వెళ్లాడు.

ఫ్రాంకల్ ఉన్నది కౌఫరింగ్ మూడో శిబిరంలో. నంబరు 119104. డాక్టరుగా కాదు, ఎక్కువ కాలం మట్టి తవ్వుతూ, పట్టాలు వేస్తూ. ఒకసారి రోడ్డు కింద నీటి గొట్టానికి ఒంటరిగా సొరంగం తవ్వాడు. దానికి 1944 క్రిస్మస్ ముందు కట్టుబడి కంపెనీ బహుమతి కూపన్లిచ్చింది. ఒక కూపన్‌కి ఆరు సిగరెట్లు, సిగరెట్లిస్తే సూపు. ఖైదీల్లో ఎవరైనా తన సిగరెట్లు తానే కాల్చేస్తుంటే వాడిక బతకదలుచుకోలేదని మిగతావాళ్లకు తెలిసిపోయేదట. సూపు వడ్డించేవాడు గరిటె అడుగుదాకా ముంచుతాడా, పైన తేలే నీళ్లు పోస్తాడా అన్నదాని మీద ఆ రోజు ఆధారపడేది. అడుగున నాలుగు బఠాణీలుంటాయి. ఒక వంటవాడు మాత్రం గిన్నె పట్టుకున్నవాడి మొహం చూడకుండా అందరికీ ఒకేలా పోసేవాడని ఫ్రాంకల్ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాడు. ఒక మేస్త్రీ తన పొద్దుటి రొట్టెలోంచి మిగిల్చిన ముక్క రహస్యంగా చేతిలో పెట్టినప్పుడు ఏడుపొచ్చిందట. రొట్టెకి కాదు, ఇస్తూ ఆ మనిషి చూసిన చూపుకి.

సాయంత్రం లాండ్స్‌బెర్గ్‌లో చీజు వేసిన స్పేట్‌స్లె తిన్నాం. పిండిని జల్లెడలోంచి మరిగే నీళ్లలోకి దించి, చీజు కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు. ప్లేటు 13 యూరోలు. ఒకరికి పెట్టింది ఇద్దరికి సరిపోతుంది. మిగిలింది వదిలేయడానికి ఆ రోజు ముగ్గురిలో ఎవరికీ చేతులు రాలేదు. కట్టించి తెచ్చుకున్నాం.

మే 13, ట్యుర్క్‌హైమ్, బాడ్ వోరిస్‌హోఫెన్

ట్యుర్క్‌హైమ్ స్టేషన్ ఊరికి దూరంగా పొలాల్లో ఉంటుంది. 1945 మార్చిలో ఫ్రాంకల్‌ని ఇక్కడి శిబిరానికి తెచ్చారు, టైఫస్ (పేల వల్ల సోకే విషజ్వరం) రోగులను చూడటానికి. తానే ఒప్పుకుని వచ్చాడు. మట్టి తవ్వుతూ చావడం కంటే డాక్టరుగా చావడం మేలనుకున్నాడు. త్వరలోనే ఆయనకూ టైఫస్ వచ్చింది. జ్వరంలో నిద్రపోతే మళ్లీ లేవనేమోనని రాత్రులు మేలుకుని, ఆష్‌విట్జ్‌లో పోయిన పుస్తకాన్ని చిన్నచిన్న కాగితాల వెనక పొట్టిలిపిలో మళ్లీ రాసుకున్నాడు. మార్చి 26న ఆయనకు నలభై నిండాయి. తోటి ఖైదీ ఒకడు పెన్సిలు ముక్క, ఎస్సెస్ అనే నాజీ దళం ఆఫీసులో కొట్టేసిన కొన్ని ఫారాలు పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు.

ఇక్కడి శిబిరాధికారి హాఫ్‌మన్ ఎస్సెస్ మనిషే. అయినా ఖైదీల మందులకు తన జేబులోంచి డబ్బు పెట్టేవాడని తర్వాత తేలింది. ఏప్రిల్ 27న అమెరికన్లు వచ్చినప్పుడు, ఇతనికి ఏ హానీ చేయబోమని మాటిస్తేనే అప్పగిస్తామని యూదు ఖైదీలే అతన్ని దాచిపెట్టారు. ఫ్రాంకల్ ఈ కథను జీవితాంతం చెప్పాడు. మా అక్క కొడుకు అక్కడి స్మారక మందిరం ముందు నిలబడి దీన్ని విని, "ఒక్కడు మంచివాడని ఎస్సెస్ మంచిదైపోతుందా పిన్నీ?" అన్నాడు. కాదు. ఫ్రాంకల్ కూడా అలా అనలేదు. మనిషిని అతను వేసుకున్న యూనిఫాంతో కాదు, చేసిన పనితో లెక్కగట్టాలన్నాడు. ఆ మాట మీద ఆయనకు తర్వాత చాలా గొడవలయ్యాయి. అవి వియన్నా దగ్గర చెప్తాను.

అక్కణ్ణుంచి చిన్న రైల్లో బాడ్ వోరిస్‌హోఫెన్. క్నైప్ పాదిరి నీటివైద్యం పుట్టిన ఊరు. పార్కులో మోకాలిలోతు చల్లనీళ్ల తొట్లలో పెద్దవాళ్లు కొంగల్లా కాళ్లెత్తి నడుస్తున్నారు. మన ప్రకృతి ఆశ్రమాల్లో తొట్టి స్నానాలు చేసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మావారు ప్యాంటు మడిచి దిగి రెండు చుట్లు తిరిగారు. విడుదలయ్యాక ఫ్రాంకల్ కొన్నాళ్లు ఈ ఊళ్లోనే, శిబిరాల నుంచి వచ్చిన నిర్వాసితుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశాడు. ఇంటికి ఎవరు మిగిలారో తెలియదు. ఒళ్లు కోలుకోలేదు. అయినా మొదట చేసిన పని వార్డుకి వెళ్లడం.

మే 16, వియన్నా: మరియానెన్‌గాస్సె

1945 ఆగస్టులో ఫ్రాంకల్ ఈ ఊరికి తిరిగొచ్చాడు. అమ్మ ఆష్‌విట్జ్‌లో, అన్న వాల్టర్ అక్కడే, టిల్లీ బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో పోయారు. దేశం విడిచి వెళ్లిపోయిన చెల్లెలు స్టెల్లా ఒక్కతే మిగిలింది. బతకాలని లేదని స్నేహితుల దగ్గర ఏడ్చాడు. అప్పుడు బ్రూనో పిట్టర్‌మన్ అనే మిత్రుడు, తర్వాతి కాలంలో ఆస్ట్రియా ఉప ఛాన్సలర్ అయిన మనిషి, ఒక ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లి, దాన్ని పాలీక్లినిక్ ఆసుపత్రి ఉద్యోగానికి దరఖాస్తుగా మార్చాడు. నాకు ఈ పనిలో గొప్ప వైద్యం కనిపిస్తుంది. ఓదార్పు మాటలు చెప్పలేదు, పని ఇప్పించాడు.

మరియానెన్‌గాస్సె 1వ నంబరులో చనిపోయేదాకా ఉన్నాడు, ఇప్పుడక్కడ మ్యూజియం. అదే వీధిలో 10వ నంబరులో పాలీక్లినిక్ ఉండేది. 1946 నుంచి 1970 దాకా నరాల విభాగానికి పెద్దగా చేశాడు. ఇల్లు, ఆసుపత్రి మధ్య నడిచి చూశాను, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అదే పాలీక్లినిక్‌లో పనిచేసే ఎల్లీ ష్విండ్ట్ అనే కేథలిక్ అమ్మాయిని 1947లో పెళ్లాడాడు. కూతురు పుట్టింది, తన తండ్రి పేరు కలిసేలా గాబ్రియేల్ అని పెట్టుకున్నారు.

గొడవల సంగతి. 1988 మార్చిలో, హిట్లర్ వచ్చి యాభై ఏళ్లయిన సందర్భంగా టౌన్‌హాలు ముందు పెద్ద సభ. ఆస్ట్రియా అధ్యక్షుడు వాల్ట్‌హైమ్ హిట్లర్ సైన్యంలో తన పని గురించి నిజం దాచాడన్న ఆరోపణ మీద దేశం రెండుగా చీలి ఉన్న రోజులు. ఫ్రాంకల్ ఆ వేదిక మీద జాతి మొత్తానికి నేరం అంటగట్టొద్దన్నాడు. అదే ఏడాది వాల్ట్‌హైమ్ చేతి మీదుగా పెద్ద బిరుదు తీసుకున్నాడు. చాలామంది యూదులు క్షమించలేదు. ఆ బిరుదు తీసుకోకుండా ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. బాధపడ్డవాళ్ల కోపం న్యాయమైనది. కానీ రోజూ ఇదే వీధిలో నడుస్తూ, ఒకప్పుడు తన వాళ్ల ఇళ్లు దోచినవాళ్లనూ, వాళ్ల పిల్లలనూ పరీక్ష చేసి మందు రాసిన డాక్టరుకి ప్రతి మొహాన్నీ నేరస్తుడి మొహంగా చూడటం కుదిరేది కాదు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకునే ఈ వీధి చూశాను.

మూల కాఫీహోటల్లో మెలాంజ్ కాఫీ 5 యూరోల దాకా. వెండి పళ్లెంలో గ్లాసుడు మంచినీళ్లు పక్కన పెడతారు. ఎంతసేపు కూర్చున్నా లేవమనరు, బిల్లు మనం అడిగితేనే తెస్తారు.

మే 17, రాక్స్

పయెర్‌బాఖ్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన 1926 నుంచి నడుస్తున్న కేబుల్ కారు. ఆస్ట్రియాలో ప్రయాణికుల కోసం వేసిన మొట్టమొదటిది ఇదే. పైన ఇంకా అక్కడక్కడ మంచు. మావారి మోకాలు దృష్ట్యా ఒట్టోహౌస్ విడిది దాకా నెమ్మదిగా నడిచాం. అక్కడ కైజర్‌ష్మార్న్ తిన్నాం. తీపి దిబ్బరొట్టెని పెనం మీదే ముక్కలు చేసి పంచదార చల్లినట్టుంటుంది, పక్కన ప్లమ్ పళ్లు ఉడికించిన పాకం.

ఫ్రాంకల్ రాక్స్‌కి వచ్చేది కొండగోడలు ఎక్కడానికి. ఎత్తంటే భయం కాబట్టే మొదలుపెట్టానని చెప్పేవాడు. ట్యుర్క్‌హైమ్‌లో టైఫస్‌తో పడుకున్న ఒంటితో మళ్లీ వచ్చి ఎక్కాడు, ఎనభై ఏళ్లొచ్చే దాకా ఎక్కాడు. 67వ ఏట విమానం నడపడం నేర్చుకున్నాడు. 1990 ప్రాంతంలో చూపు పోయాక ఎల్లీ చదివి వినిపించేది. 1997 సెప్టెంబరు 2న, 92వ ఏట వియన్నాలో పోయాడు.

పక్క బల్ల దగ్గర తాళ్లు, ఇనుప కొక్కేలు విప్పుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లను మావారు పలకరించారు. ఆనకట్ట గేట్ల మీద దిగడానికి తాము కట్టే ముడి, వాళ్లు కట్టే ముడి ఒకటేనా అని ఆయన సందేహం. వాళ్లు తాడు చేతికిచ్చారు. ఆయన కట్టి చూపించారు, వాళ్లు విప్పి తమది కట్టి చూపించారు. ఫ్రాంకల్ పేరు వాళ్లు వినలేదట. ఆయన ఎక్కిన గోడలు ఎటువైపని నేను అడిగితే ఒకడు మ్యాపు పరిచి, ఎక్కేవాళ్లంతా ఎక్కువగా ఇటే వెళ్తారని ప్రైనర్ వాండ్ వైపు వేలు పెట్టాడు. ఆఖరి కేబుల్ కారుకి ఇంకా రెండు గంటలుంది. మావారు తాడు వదలలేదు. నేను ఇంకో గిన్నె పప్పు సూపు చెప్పి, ఆ కుర్రాళ్లకు చెర్నిన్ వీధి దగ్గర మొదలుపెట్టి చెప్పడం మొదలుపెట్టాను.